మూడు వయల్స్‌కి 45 యూనిట్లు: అమెరికాలో కీమో బిల్లు లెక్క

క్లుప్తంగా

అమెరికాలో కీమో ఇంజెక్షన్ బిల్లు మూడు లెక్కల మీద నడుస్తుంది. మందు ఎన్ని యూనిట్లు, ఎక్కించడానికి ఎన్ని నిమిషాలు, వయల్‌లో (మందు సీసాలో) ఎంత మిగిలితే పారబోశారు. డాక్టర్ రాసిన మిల్లీగ్రాములు బిల్లులో అలాగే కనిపించవు. ఒక్కో మందుకి ఒక్కో యూనిట్ ఉంటుంది, డోసు ఆ యూనిట్లలోకి మారుతుంది. పేషెంట్లకి బిల్లు అర్థం కాకపోవడానికీ, బిల్లుకి కోడ్‌లు వేసే కోడర్లు ఇన్సూరెన్స్‌కి పంపే క్లెయిమ్‌లు వెనక్కి రావడానికీ చాలాసార్లు ఆ మార్పిడే కారణం.

ఒక్క పూట కీమో, మూడు మందులు

హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చాలామందికి తెలిసిన ఉద్యోగమే. బీఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లు అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, అమెరికా కోడర్ల సంస్థ ఏఏపీసీ పెట్టే సీపీసీ అనే సర్టిఫికెట్ పరీక్ష రాసి ఇందులోకి వస్తుంటారు. రకరకాల స్పెషాలిటీల్లో ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) అంటే కొత్తవాళ్లకి కాస్త టెన్షన్. కోడ్‌లు ఎక్కువని కాదు. ఒక్క యూనిట్ తప్పితే వందలు, వేల డాలర్లు అటూఇటూ అవుతాయి కాబట్టి.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం సులువుగా తెలుస్తుంది. హెర్2 పాజిటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న) రొమ్ము క్యాన్సర్‌కి చికిత్సలో ఉన్న 68 ఏళ్ల మహిళ రెండో సైకిల్, అంటే రెండో విడత కీమో కోసం క్లినిక్‌కి వచ్చిందనుకుందాం. బరువు 65 కిలోలు, శరీర ఉపరితల వైశాల్యం 1.6 చదరపు మీటర్లు. డాక్టర్ మూడు మందులు రాశారు: ట్రాస్టుజుమాబ్, డోసెటాక్సెల్, కార్బోప్లాటిన్.

ట్రాస్టుజుమాబ్ కిలోకి 6 మి.గ్రా. చొప్పున 390 మి.గ్రా. డోసెటాక్సెల్ చదరపు మీటరుకి 75 చొప్పున 120 మి.గ్రా. కార్బోప్లాటిన్ లెక్క వేరు. అది బరువుని బట్టి కాదు, కిడ్నీ పనితీరుని బట్టి. కిడ్నీ వడపోత రేటు నిమిషానికి 70 మి.లీ. ఉంటే దానికి 25 కలిపి, డాక్టర్ ఎంచుకున్న 6తో గుణిస్తారు. 570 మి.గ్రా. వస్తుంది.

ఇక బిల్లు. మందులకి వాడే కోడ్‌ల పట్టికని కోడర్లు ‘హిక్‌పిక్స్’ అంటారు. అందులో ‘జె’తో మొదలయ్యేవి ఎక్కువగా ఇంజెక్షన్లు, 9000 నుంచి ఉన్నవి ప్రధానంగా క్యాన్సర్ మందులు. ట్రాస్టుజుమాబ్ కోడ్ జె9355, దాని యూనిట్ 10 మి.గ్రా. డోసెటాక్సెల్ జె9171, యూనిట్ 1 మి.గ్రా. కార్బోప్లాటిన్ జె9045, యూనిట్ 50 మి.గ్రా. కాబట్టి ఒంట్లోకి వెళ్లిన 390, 120, 570 మిల్లీగ్రాములు బిల్లులో 39, 120, 12 యూనిట్లవుతాయి. అన్నిటికంటే ఎక్కువ వెళ్లిన మందు పక్కన అన్నిటికంటే చిన్న అంకె కనిపిస్తుంది. 570ని 50తో భాగిస్తే 11.4 కదా, 12 ఎలా అయింది? యూనిట్‌లో ముక్కలుండవు, మిగిలిన భాగాన్ని పైకి సరిచేస్తారు.

వాంతులు రాకుండా ఇచ్చే మందుల్లోనూ ఇదే తంతు. పాలోనోసెట్రాన్ డోసు 0.25 మి.గ్రా., దాని కోడ్ జె2469, యూనిట్ 25 మైక్రోగ్రాములు. ముందు మిల్లీగ్రాములని మైక్రోగ్రాములు చేయాలి, 250. దాన్ని 25తో భాగిస్తే 10 యూనిట్లు. వయల్ ఒకటే కదా అని 1 వేసేస్తే క్లినిక్‌కి పదో వంతే వస్తుంది. పైగా తక్కువ అడిగిన క్లెయిమ్‌ని ఎవరూ వెనక్కి పంపరు. అందుకే తక్కువ వేసిన తప్పులు చాలాకాలం బయటపడవు, ఎక్కువ వేసినవి మాత్రం తొందరగా దొరికిపోవచ్చు.

యూనిట్లు ఎందుకు ఇలా ఉన్నాయి

యూనిట్ అంటే వయల్ సైజు కాదు, మామూలు డోసూ కాదు. కోడ్ ఇచ్చినప్పుడు నిర్ణయించిన కొలత, అంతే. పాత కోడ్‌లలో పెద్ద యూనిట్లు ఉండేవి. పాక్లిటాక్సెల్‌కి ఒకప్పుడు జె9265, 30 మి.గ్రా. ఒక యూనిట్. 2015లో అది పోయి 1 మి.గ్రా. యూనిట్‌తో జె9267 వచ్చింది. 180 మి.గ్రా. డోసుకి ముందు రోజు 6, మర్నాడు 180. రిటుక్సిమాబ్‌దీ అదే కథ. 100 మి.గ్రా. ఉన్న జె9310 స్థానంలో 2019 నుంచి 10 మి.గ్రా. ఉన్న జె9312 వాడుతున్నారు. 700 మి.గ్రా.కి 7 వేసే చెయ్యి 70 వేయడం అలవాటు చేసుకోవాలి.

చిన్న యూనిట్‌కి మారడంలో ఒక తర్కం ఉంది. యూనిట్ 100 మి.గ్రా. అయితే 610 మి.గ్రా. ఇచ్చినా 7 యూనిట్లు వేయాలి, అంటే 90 మి.గ్రా. ఎక్కువ. యూనిట్ 10 అయితే సరిగ్గా 61. ఖరీదైన మందుల్లో ఆ తేడా చిన్నది కాదు. పారబోసిన మందుని విడిగా చూపించాలన్నా చిన్న యూనిట్ ఉంటేనే కుదురుతుంది.

ఇంకో చిక్కు, ఒకే మందుకి రకరకాల కోడ్‌లు. అసలు ట్రాస్టుజుమాబ్ జె9355లో వెళుతుంది. దాని బయోసిమిలర్లకి, అంటే అదే పనిచేసేలా వేరే కంపెనీలు చేసే మందులకి, ఒక్కోదానికి ఒక్కో ‘క్యూ’ కోడ్. బెంగళూరు బయోకాన్, మైలాన్ కలిసి తెచ్చిన ఓగివ్రికి క్యూ5114, కంజింటికి క్యూ5117. ఫ్రిజ్‌లోంచి తీసిన పెట్టె ఏదో కోడర్‌కి తెలియకపోతే కోడ్ తప్పినట్టే. మామూలు కెమికల్ మందుల్లో కూడా ఈ విడగొట్టడం మొదలైంది. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కి వాడే బోర్టెజోమిబ్ జె9041. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన బోర్టెజోమిబ్‌కి 2023లో జె9046 అని వేరే కోడ్ వచ్చింది. మందు ఒకటే అయినా జె9041కి చికిత్సాపరంగా సమానమైనదిగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రేటింగ్ లేదు కాబట్టి కోడ్ వేరు, కోడ్ వేరు కాబట్టి రేటూ వేరు.

ఏ పెట్టె వాడారో తేల్చేది ఎన్‌డీసీ నంబర్. పెట్టె మీద 10 అంకెలుంటాయి, క్లెయిమ్‌లో మాత్రం 5-4-2 వరసలో 11 వేయాలి. తక్కువైన చోట ఒక సున్నా చేర్చాలి. ఆ సున్నా ఎక్కడ పెట్టాలన్నది పెట్టె మీద నంబర్ ఎలా విడగొట్టి ఉందో దాన్ని బట్టి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికెయిడ్, చాలా ప్రైవేటు ఇన్సూరెన్సులు ఈ నంబర్ లేకపోతే క్లెయిమ్‌ని చూడవు.

నర్స్ గడియారం

మందు ఖరీదు ఒక లెక్క, దాన్ని ఎక్కించిన పనికి ఇంకో లెక్క. ఈ రెండో దానికి సీపీటీ కోడ్‌లు. అదే పేషెంట్ విషయానికే వస్తే, నర్స్ నోట్స్‌లో వరస ఇలా ఉందనుకుందాం: ముందు డెక్సామెథసోన్ 20 నిమిషాలు, తర్వాత పాలోనోసెట్రాన్ సిరంజితో నేరుగా, ఆ తర్వాత డోసెటాక్సెల్ 60 నిమిషాలు, కార్బోప్లాటిన్ 45, ట్రాస్టుజుమాబ్ 30.

గడియారం ప్రకారం మొదటిది డెక్సామెథసోన్. బిల్లులో మాత్రం మొదటిది కీమో. ఒక విజిట్‌లో, ఒకే ఐవీ లైన్ మీద ‘మొదటి’ కోడ్ ఒక్కటే ఉండాలి. హాస్పిటల్‌లో అయితే కీమోది పైచెయ్యి, తర్వాత ఇతర మందులు, చివర ఒట్టి సెలైన్. క్లినిక్‌లో అయితే పేషెంట్ ముఖ్యంగా దేనికోసం వచ్చిందో అది. ఇక్కడ రెండు రకాలుగా చూసినా కీమోనే. కాబట్టి డోసెటాక్సెల్‌కి 96413, తర్వాత ఎక్కించిన కార్బోప్లాటిన్‌కి, ట్రాస్టుజుమాబ్‌కి 96417 చొప్పున, డెక్సామెథసోన్‌కి 96367, పాలోనోసెట్రాన్‌కి 96375. ట్రాస్టుజుమాబ్ కణాలని నేరుగా చంపే పాతరకం కీమో కాదు, ఒక లక్ష్యాన్నే పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీ. అయినా కీమో కోడ్‌లే వర్తిస్తాయి. ఎక్కించేటప్పుడు రియాక్షన్ వస్తుందేమో అని దగ్గరుండి చూసుకునే పని ఎక్కువ కాబట్టి ఆ వర్గంలో చేర్చారు.

నిమిషాల్లో రెండు గీతలు గుర్తుంచుకోవాలి. 15 నిమిషాలు లేదా అంతకంటే తక్కువ ఎక్కిస్తే అది ఇన్‌ఫ్యూజన్ (డ్రిప్) కాదు, పుష్ (సిరంజితో నేరుగా ఇచ్చినట్టు లెక్క). గంట దాటాక అదనపు గంటకి 96415 వేయాలంటే కనీసం 31 నిమిషాలు ఎక్కువ నడవాలి. డోసెటాక్సెల్ 85 నిమిషాలు నడిస్తే ఆ 25 నిమిషాలకీ ఏమీ రాదు. 91 అయితే వస్తుంది. మందు ఆపిన టైం నర్స్ రాయకపోతే ఎంతసేపు నడిచిందో చెప్పే ఆధారం పోతుంది. అప్పుడు గంట ఎక్కించిన మందు కూడా సాధారణంగా పుష్ కిందకి దిగిపోతుంది. రోజంతా నిలబడి పనిచేసే నర్స్ ఒక బెల్లు మోగితే ఇంకో బెడ్ దగ్గరికి పరిగెడుతుంది. ఆ తొందరలో రాయకుండా వదిలేసిన ఒక టైం వేల మైళ్ల అవతల కోడర్‌కి క్వెరీ, అంటే తిరిగి అడిగి తేల్చుకోవాల్సిన ప్రశ్న, అవుతుంది.

జబ్బు కోడ్‌ల సంగతి ఇంత మెలిక కాదు. కీమో కోసం వచ్చిన విజిట్ అయితే ముందు జెడ్51.11, ఇమ్యునోథెరపీ అయితే జెడ్51.12, రెండూ ఉంటే రెండూ. క్యాన్సర్ కోడ్, ఇక్కడ సీ50 వర్గంలోది, వాటి తర్వాత రావాలి. క్యాన్సర్ పెద్ద జబ్బు కదా అని దాన్ని ముందు వేయడం కొత్త కోడర్లు చేసే పొరపాటు.

పారబోసిన మందుకీ డబ్బు

ఆ 390 మి.గ్రా. దగ్గరికి మళ్లీ వద్దాం. ట్రాస్టుజుమాబ్ 150 మి.గ్రా. వయల్‌లో వస్తుంది, ఒకసారి తెరిస్తే ఒకరికే. 390 కావాలంటే మూడు వయల్స్ తెరవాలి, అంటే 450. మిగిలిన 60 మి.గ్రా. పారబోయాలి. ప్రధానంగా 65 దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికేర్ ఈ 60కి కూడా డబ్బు ఇస్తుంది. అయితే విడిగా చూపించాలి: ఒక లైన్‌లో 39 యూనిట్లు, రెండో లైన్‌లో జెడబ్ల్యూ అనే మోడిఫయర్‌తో (కోడ్ వెనక చేర్చే రెండక్షరాల గుర్తుతో) 6 యూనిట్లు. రెండూ కలిపి 45. నర్స్ లేదా ఫార్మసీ నోట్స్‌లో ఎంత పారబోశారో రాసి ఉండాలి.

2017 జనవరి నుంచి జెడబ్ల్యూ దేశమంతా తప్పనిసరి. 2023 జూలై నుంచి ఇంకోటి చేరింది. ఏమీ పారబోయకపోతే జెజెడ్ వేయాలి, అంటే ‘మిగల్లేదు’ అని కూడా చెప్పాలి. మన ఉదాహరణలో డోసెటాక్సెల్ 80, 20, 20 మి.గ్రా. వయల్స్‌తో సరిగ్గా 120 అయింది కాబట్టి దానికి జెజెడ్. కార్బోప్లాటిన్ ఒకే వయల్‌ని చాలామందికి వాడే రకం అయితే రెండూ అక్కర్లేదు. ఆ ఏడాది అక్టోబర్ నుంచి ఒకసారి వాడే వయల్ మందుకి ఈ రెండిట్లో ఏదీ లేకుండా పంపిన క్లెయిమ్‌లు వెనక్కి రావడం మొదలైంది.

ఏమీ మిగల్లేదని చెప్పడం అంత ముఖ్యమా అనిపించవచ్చు. కారణం 2021లో వచ్చిన మౌలిక సదుపాయాల చట్టంలో ఉంది. రోడ్లు, వంతెనల కోసం చేసిన చట్టంలో కీమో వయల్స్ గురించి ఒక సెక్షన్ ఉండటం విచిత్రమే. దాని ప్రకారం ఒకే కంపెనీ అమ్మే, ఒకసారి వాడే వయల్ మందుల్లో పారబోసిన భాగం మొత్తంలో 10 శాతం దాటితే, దాటినంత మేరకు కంపెనీ ప్రభుత్వానికి డబ్బు తిరిగి కట్టాలి. కొన్ని మినహాయింపులున్నాయి. 2023 నుంచి ఇది అమల్లో ఉంది. అంతకుముందు జెడబ్ల్యూ లైన్ క్లినిక్‌కి రావాల్సిన డబ్బు గురించే. ఇప్పుడు అదే లైన్ కంపెనీ మీద వేసే లెక్కకి ముడిసరుకు. కోడర్ వేసే 6 యూనిట్లు ఎక్కడో తయారీదారు వయల్ సైజు తగ్గించాలా వద్దా అన్న నిర్ణయం దాకా వెళతాయి.

వయల్ సైజుకీ డోసుకీ పొంతన లేకపోతే ఏమవుతుందో బోర్టెజోమిబ్‌లో బాగా కనిపిస్తుంది. వయల్ 3.5 మి.గ్రా., యూనిట్ 0.1 మి.గ్రా. 1.7 చదరపు మీటర్ల మనిషికి 1.3 చొప్పున డోసు 2.21 మి.గ్రా. అంటే పైకి సరిచేసి 23 యూనిట్లు వాడకం, 12 జెడబ్ల్యూ. వయల్‌లో మూడో వంతు చెత్తబుట్టలోకి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: పైకి సరిచేయడంలో కలిసిపోయిన ముక్కని మళ్లీ పారబోసిన దాంట్లో వేయకూడదు. రెండు లైన్లూ కలిపితే 35 దాటకూడదు. వయల్‌లో కంపెనీ కొసరుగా నింపే నాలుగు చుక్కలకి కూడా మెడికేర్ డబ్బు ఇవ్వదు, కొనని మందు కదా.

ఆరు శాతం ఎక్కడ పోతుంది

అమెరికాలో కీమో క్లినిక్ మందుని ముందుగా తన డబ్బుతో కొనాలి. ఎక్కించాక బిల్లు వేయాలి. వ్యాపారంలో చెప్పాలంటే సరుకు పెట్టుబడి క్లినిక్‌ది, వసూలు తర్వాత. అందుకే ఒక క్లెయిమ్ నెలరోజులు ఆగినా నొప్పి తెలుస్తుంది.

2005 నుంచి మెడికేర్ ఈ మందులకి సగటు అమ్మకపు ధర మీద 6 శాతం కలిపి ఇస్తోంది. అంతకుముందు కంపెనీలు ప్రకటించే టోకు ధర ఆధారంగా ఇచ్చేవారు. ఆ ప్రకటిత ధరకీ, క్లినిక్ నిజంగా కొనే ధరకీ చాలా తేడా ఉండేది, ఆ తేడా క్లినిక్‌లకి ఆదాయంగా మిగిలేది. దాన్ని సరిచేయడానికే 2003 చట్టంలో పద్ధతి మార్చారు.

కాగితం మీద 6 శాతం, చేతికి అంత రాదు. మందు సగటు ధర 1,000 డాలర్లు అనుకుంటే మెడికేర్ రేటు 1,060. అందులో 80 శాతం, అంటే 848 డాలర్లు, మెడికేర్ వాటా. మిగతా 212 పేషెంట్‌ది లేదా ఆమెకున్న అదనపు ఇన్సూరెన్స్‌ది. బడ్జెట్ కోత కింద మెడికేర్ తన 848లో 2 శాతం, దాదాపు 17 డాలర్లు, ఆపుకుంటుంది. అన్నీ కలిపితే 1,043. మిగిలింది 4.3 శాతమే. దాంట్లోంచే ఫ్రిజ్, ఫార్మసీ పని, ఎగ్గొట్టిన బాకీలు. పైగా సగటు ధర రెండు త్రైమాసికాల ముందు అమ్మకాలని బట్టి వస్తుంది. ఈలోగా మందు ధర పెరిగితే క్లినిక్ కొన్నదానికంటే తక్కువే వెనక్కి వస్తుంది.

శాతంగా ఇవ్వడంలో ఇంకో తేడా ఉంది. 100 డాలర్ల మందు మీద 6 డాలర్లు, 10,000 డాలర్ల మందు మీద 600. రెండూ పనిచేసే చోట ఖరీదైనదే క్లినిక్‌కి లాభం. ఇది డాక్టర్ల నిజాయితీ మీద వేలు చూపడం కాదు, లెక్క వాలు అటువైపు ఉంది. దీన్ని కొంత సరిచేయడానికి బయోసిమిలర్లకి వాటి సొంత ధర మీద కాకుండా అసలు మందు ధరలో 6 శాతం కలుపుతారు. 2022 అక్టోబర్ నుంచి అర్హత ఉన్నవాటికి కొన్నేళ్లపాటు దాన్ని 8 శాతం చేశారు. చవక మందు వాడితే నష్టపోకూడదన్నది ఉద్దేశం.

వెనక్కి వచ్చిన క్లెయిమ్‌లు

తిరస్కరించిన క్లెయిమ్ మీద చిన్న కోడ్ వస్తుంది. సీఓ-197 అంటే ముందస్తు అనుమతి లేదు. సీఓ-50 అంటే ఈ జబ్బుకి ఈ మందు అవసరమని వాళ్లు ఒప్పుకోలేదు. సీఓ-16 అంటే ఏదో వివరం తక్కువైంది, ఎన్‌డీసీనో మోడిఫయరో. మొదటిది కోడర్ చేతుల్లో లేదు, మూడోది సరిచేసి మళ్లీ పంపొచ్చు. కష్టమంతా రెండోదాంతోనే. ఎఫ్‌డీఏ అనుమతించని జబ్బుకి మందు వాడటం క్యాన్సర్ వైద్యంలో మామూలే. అలాంటప్పుడు అమెరికా క్యాన్సర్ సెంటర్ల కూటమి ఎన్‌సీసీఎన్ తయారుచేసేదాని లాంటి గుర్తింపు పొందిన జాబితాల్లో ఆ వాడకానికి మద్దతు ఉందని చూపించాలి. ఇక యూనిట్లు మరీ ఎక్కువైతే మనిషి చూడకముందే కంప్యూటర్ ఆపేస్తుంది, చాలా కోడ్‌లకి ఒక రోజుకి ఇంతకంటే ఎక్కువ ఉండటం అనుమానమే అన్న పరిమితి పెట్టి ఉంటుంది.

మన దగ్గర ఈ యూనిట్ల గోల లేదు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఒక చికిత్సకి, ఒక సైకిల్‌కి ఇంత అని ప్యాకేజీ ఇస్తాయి. సొంత డబ్బుతో కొనేవాళ్లు వయల్ ఎంఆర్‌పీ చూసి కొంటారు. పారబోసింది ఎంతో ఏ బిల్లులోనూ విడిగా కనిపించదు, మొత్తం వయల్ ధరలోనే కలిసిపోతుంది. ప్యాకేజీలో కాగితాలు తక్కువ, కానీ ఏ మందుకి ఎంత పోయిందో తెలియదు. అమెరికా పద్ధతిలో చుక్క చుక్కకీ లెక్క ఉంటుంది, ఆ లెక్క రాయడానికే ఒక పరిశ్రమ కావాలి. ఆ పరిశ్రమలో కొంత భాగం హైదరాబాద్‌లో ఉంది.

అమెరికాలో కీమో చేయించుకుంటున్న తెలుగువారు, వాళ్ల పిల్లలు బిల్లు చూసేటప్పుడు ఒక పని చేయొచ్చు. హాస్పిటల్ నుంచి లైన్ వారీ వివరంగా ఉన్న బిల్లు అడిగి తీసుకోవాలి. ఇన్సూరెన్స్ పంపే వివరణ పత్రంలో మొదట కనిపించే పెద్ద అంకె హాస్పిటల్ అడిగింది, కట్టాల్సింది కాదు. దాని పక్కన ఒప్పుకున్న మొత్తం, ఇన్సూరెన్స్ ఇచ్చింది, చివర్లో పేషెంట్ వాటా ఉంటాయి. తర్వాత ప్రతి మందు పక్కన ఉన్న యూనిట్లని ఆ కోడ్ యూనిట్‌తో గుణించి చూడాలి. ట్రాస్టుజుమాబ్ రెండు లైన్లలో కలిపి 45 ఉంటే 450 మి.గ్రా. నర్స్ నోట్స్‌లో 390 ఎక్కించినట్టు, 60 పారబోసినట్టు ఉంటే లెక్క సరిపోయింది. 450 మొత్తం ఒకే లైన్‌లో, జెడబ్ల్యూ లేకుండా ఉంటే పారబోసింది విడిగా ఎందుకు చూపించలేదో బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగాలి.